ఊడ్చేసిన సాక్ష్యం

"చచ్చిన ఈగలేవమ్మా?" అని ఉద్యాన శాఖ అధికారి అడిగేసరికి వదిన కాఫీ పళ్లెంతో ఉన్నచోటే ఆగిపోయింది.

పెరట్లో పదకొండు తేనెపెట్టెలు. వారం తిరక్కుండానే వాటిలో ఐదు ఖాళీ అయిపోయాయి. మిగిలిన ఆరింటి బతుకు ఈ పూట ఈ పెద్దమనిషి తేల్చే మాట మీద ఉంది. పెట్టెలన్నీ ఆమె ఆడపడుచువి. మనుషులు పలకరిస్తే ముఖం చిట్లించే ఆ పిల్ల, పెట్టె మూత ఎత్తగానే నవ్వుతుంది.

"నిన్న సాయంత్రం గుట్టలుగా ఉన్నాయి సార్, కళ్లారా చూశాను," అంది ఆడపడుచు. "పక్క తోటలో నిన్న పొద్దున మళ్లీ మందు కొట్టారు. మధ్యాహ్నానికి ఇవి రాలిపోయాయి."

"ఇప్పుడు చూస్తే నేల అద్దంలా ఉంది మరి."

ఎందుకుండదు? ఇంటికి అధికారి వస్తున్నాడని ఆరింటికే లేచి వాకిలి, వరండా, పెరడు ఊడ్చిన మనిషి పళ్లెం పట్టుకుని పక్కనే ఉంది. వచ్చేవాడు ఆ చెత్తను చూడ్డానికే వస్తున్నాడని ఆవిడకు తట్టలేదు. "అక్కడేదీ ముట్టుకోకు వదినా" అని ఆడపడుచు చెప్పకపోలేదు. పెట్టెల సంగతి అనుకుంది. పెట్టెలను ముట్టుకోలేదు కూడా. చుట్టూ మాత్రం ఒళ్లు దాచుకోకుండా ఊడ్చింది.

అధికారి వంటింటి గాజుసీసాలోకి ఒక పెట్టెలోంచి సగం గ్లాసు ఈగలను దులిపి, పంచదార పొడి చల్లి, వల మూత బిగించి దొర్లించాడు. తర్వాత తెల్లపళ్లెం మీద బోర్లించి ఆడించాడు. పొడితో పాటు ఎర్రటి చుక్కలు రాలాయి. ఈగల ఒంటిని పట్టి పీల్చే నల్లులు.

"పద్నాలుగు," అన్నాడు లెక్కపెట్టి. "మూడొందల ఈగలకు. వందకు మూడు దాటితేనే కంగారు పడాలి, ఇక్కడ ఐదుకు దగ్గరగా ఉన్నాయి. విషమైతే పెట్టె ముందే కుప్పపడాలి, శవాల్లేవు. జబ్బుపడ్డ ఈగ గూడొదిలి ఎక్కడికో పోయి చస్తుంది. కాబట్టి నల్లులే కారణం. ఆరింటిలోనూ నల్లుల్ని చంపే ఆమ్లం పట్టీలు పెట్టేస్తాను."

"మందు గాలికి నీరసించిపోయి ఉన్నాయి సార్," అంది ఆడపడుచు. " ఇప్పుడా ఘాటు పెడితే రేపటికి ఒక్కటి మిగలదు. పైగా నల్లులని మీరు రాస్తే తోటాయన్ని ఎవరడుగుతారు? రేపు పొద్దున మళ్లీ కొడతాడు."

"విషమని రాసి పట్టీలు మానేస్తే నెల తిరక్కుండా నల్లులే మొత్తం ఊడ్చేస్తాయి."

ఊడ్చేస్తాయి అన్న మాట వదినకు చెంప మీద తగిలినట్టయింది. అధికారి తీసిన పత్రంలో 'కారణం' అన్న చోట ఒకటే గడి. పెన్ను మూత తీశాడు. వంటింటి గడియారం పదకొండుకు పది తక్కువ చూపిస్తోంది. చెత్తబండి పదకొండింటికి వస్తుంది, లేదా ఆవిడకు అవసరం పడ్డ రోజు కాస్త ముందే వస్తుంది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఈ ఇంట్లో వచ్చే పదేళ్లు అదే కబురు.

వీధి మలుపులో బండి హారన్ వినిపించింది.

"సార్, ఆ గడి నింపకండి," అంది వదిన. "శవాలు నా దగ్గరున్నాయి."

పళ్లెం ఆడపడుచు చేతిలో పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది. గేటు బయట పెట్టిన చెత్త సంచి అప్పటికే బండివాడి చేతిలో గాల్లో ఉంది.

"అది ఇటివ్వు బాబూ."

"తడీపొడీ వేరు చెయ్యలేదని వీధంతటికీ పాఠం చెప్పే అమ్మగారు, ఇచ్చిన చెత్త వెనక్కడుగుతున్నారేంటి?"

"అందులో శవాలున్నాయి."

అతను సంచిని అక్కడే వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

భోజనాల బల్ల మీద, గోటి గీత పడినా సహించని బల్ల మీద, వదిన పాత పేపరు పరిచి సంచి గుమ్మరించింది. ఆడపడుచు ఆ కుప్పను చూసింది, వదినను చూసింది. పేపరు అంచు సరిచేసింది. తిట్టినా బాగుండేది.

అధికారి భూతద్దం దగ్గరగా పెట్టాడు. చాలా ఈగలకు నాలుకలు బయటికి సాగి ఉన్నాయి. కాళ్లకు పుప్పొడి అలాగే ఉంది. సంచి అడుగు నుంచి చివర్న పడ్డ కొన్నింటి రెక్కలు మాత్రం పుట్టుకతోనే నలిగినట్టు ముడుచుకుపోయాయి.

"రెండు రకాలున్నాయి," అన్నాడు నెమ్మదిగా. "ఏవి ఏ పెట్టె ముందువో తెలిస్తే గానీ..."

"తోట వైపు ఖాళీ అయిన నాలుగు పెట్టెల ముందు మూడు చేటలు," అంది వదిన. "గోడ పక్క ఖాళీ పెట్టె దగ్గర పిడికెడే. ఈ ముడత రెక్కలవి అక్కడివి. ముందు అక్కడే మొదలుపెట్టాను, అందుకే సంచిలో అడుగుకు పోయాయి."

"కచ్చితంగా గుర్తుందా?"

"ఏ రోజు ఏం వండానో మరిచిపోతానేమో గానీ, ఎక్కడ ఊడ్చానో మరిచిపోను సార్."

అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు. "ముడత రెక్కలు నల్లుల పని. నాలుక సాగడం మందు లక్షణం. పరీక్షశాల చెప్పందే రుజువు కాదు, రెండు వారాలు పడుతుంది. కానీ ఇక్కడ ఒకటే గడి..."

"రెండు రాస్తే పెన్ను ఒప్పుకోదా?"

అతను ఆవిడ వైపు చూసి, చిన్న అక్షరాలతో రెండూ ఇరికించాడు. పట్టీలు గోడ వైపు మిగిలిన రెండు గట్టి పెట్టెలకే పెడతానన్నాడు. తోట వైపు మిగిలిన నాలుగూ కోలుకునేదాకా ఆగాలి. తర్వాత తోటాయనకు ఫోన్ చేశాడు. అవతల చాలాసేపు వాదన నడిచింది. ఆడపడుచు గోళ్లు కొరుక్కుంటూ నిలబడింది.

"పొద్దున వద్దండీ. ఈగలు గూటికి చేరాక కొట్టండి. రాతపూర్వకంగా కావాలంటే ఇస్తాను... సరే." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "ఒప్పుకున్నాడు. ఇష్టంగా కాదు."

ఆడపడుచు అప్పుడు కుర్చీలో కూలబడింది.

"నమూనా పాడవకూడదు. ఫ్రీజర్లో పెట్టండి," అన్నాడు అధికారి, రెండు డబ్బాలు, చీటీలు అందిస్తూ.

ఆ ఫ్రీజర్లో ఉల్లిపాయ వాసన కూడా చొరబడదు. వదిన బఠానీల పొట్లాలు తీసి చోటు చేసింది.

ఆడపడుచు చీటీ మీద తేదీ వేసింది. 'సేకరించినవారు' అన్న దగ్గర ఆగి, 'మా వదిన' అని రాసింది.

"దేనితో సేకరించారో కూడా రాయమంటావా వదినా?" అంది తలెత్తకుండా.