లేదు గడిలో టిక్కు

నాలుగో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోయింది. వంటింటి బల్ల మీద ఒకవైపు టిక్కులు పెట్టిన ఫారాలు, రెండోవైపు పెట్టనివి. ఆకుపచ్చ పెన్ను వేళ్ల మధ్యే ఉంది గానీ కిందికి దిగడం లేదు. పొయ్యి మీద కుక్కరు మూడో కూత కూసింది, నాలుగోదీ కూసింది.

"కుక్కరు గొంతు చించుకుంటోందే, వినపడటం లేదా?" అన్నాడు భర్త, గడ్డానికి సబ్బు నురగతో గుమ్మంలో నిలబడి.

ఆమె లేచి పొయ్యి ఆపింది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది. ఎందుకు లేచిందో తెలీక నీళ్లు తాగింది.

ఆఫీసులో అందరూ ఆమెను ఫారాలక్క అంటారు. పరుగు పందేలు జరిపించే కంపెనీలో పేర్లు రాయించుకునే బల్ల ఆమెది. తొమ్మిదేళ్ల నుంచి అదే బల్ల. పందేనికి వచ్చే ప్రతి మనిషీ ఒక ఫారం నింపాలి. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో, దారిలో నాకేం జరిగినా బాధ్యత నాదేనని ఉంటుంది. ముందువైపు ఆరు ప్రశ్నలు. గుండె జబ్బు ఉందా, ఆయాసం ఉందా, ఈమధ్య ఆపరేషన్ అయిందా, బీపీకి మందులు వాడుతున్నారా, ఇలాంటివి. ఒక్కోదానికీ ఉంది, లేదు అని రెండు గడులు. వచ్చినవాళ్లంతా నింపాదిగా చదివి నింపుతూ కూర్చుంటే లైను వీధిలోకి పోతుంది. అందుకని ఆమె ముందే ఇంట్లో కూర్చుని ఆరింటికీ లేదు గడిలో టిక్కులు పెట్టి తీసుకెళ్తుంది. వాళ్లు సంతకం పెడితే చాలు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. "నీ బల్ల దగ్గరే లైను జోరుగా కదులుతుంది ఫారాలక్కా" అని మేనేజరు ఒకసారి నలుగురిలో మెచ్చుకున్నాడు. పిచ్చిది, ఆ ఒక్క మాటకి వారం రోజులు పొంగిపోయింది.

నాలుగు నెలల కిందట ఒక పరుపుల కంపెనీ డబ్బు పెట్టి పది కిలోమీటర్ల పరుగు జరిపించింది. జనాన్ని పడుకోబెట్టి బతికే కంపెనీకి పరిగెత్తించే సరదా ఎందుకో! ఎనిమిదో కిలోమీటరు దగ్గర పోస్టాఫీసు గుమస్తా ఒకాయన కూలబడిపోయాడు. బీపీ పెరిగి మెదడులో నరం చిట్లిందన్నారు. కుడి కాలూ చెయ్యీ పోయాయి, మాట పోయింది. ఆయన భార్య వకీలును పెట్టుకుంది. ఫారాలక్క కంపెనీ ఒకటే జవాబిచ్చింది: బీపీ మందులు వాడుతున్నారా అంటే లేదని ఆయనే టిక్కు పెట్టాడు, దాచిపెట్టి పరిగెత్తాడు, కాబట్టి బాధ్యత ఆయనదే. ఇవాళ పదకొండు గంటలకు మేనేజరు గదిలో రెండు వైపుల వాళ్లూ కూర్చుంటున్నారు. ఫారం ఆయనే నింపాడని ఫారాలక్క చెప్పాలి. ఆ టిక్కు ఎవరిదో ఆమెకు తెలుసు. నిన్న అన్నం తింటూ చెప్పింది కాబట్టి ఆమె భర్తకి తెలుసు. ఆ గుమస్తాకి తెలిసినా మాట లేదు. ఇంకెవరికీ తెలీదు.

"నీకెందుకే ఆ గొడవ?" అన్నాడు ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ. "నువ్వు కాగితం ఇచ్చావు, ఆయన సంతకం పెట్టాడు. కళ్లున్నాయిగా, చూసుకోవాలి."

"చూసుకున్నాడండీ. అదే కదా నా ఏడుపు."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

తాళం వేసి నాలుగడుగులు వేసింది. వెనక్కి వచ్చి తాళం లాగి చూసింది. వీధి మొగదాకా వెళ్లి మళ్లీ వచ్చింది, పొయ్యి ఆపానా లేదా అని. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి, దిగాల్సిన చోటికి రెండు స్టాపుల ముందే దిగిపోయింది. నడిస్తేనన్నా కాళ్లు నెమ్మదిస్తాయనుకుంది. అవి నెమ్మదించలేదు, చెప్పులు మాత్రం కరిచాయి.

ఆఫీసులో తన బల్ల తుడిచింది. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. పదింటికే కంపెనీ వకీలు వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"కంగారేం లేదమ్మా. ఒక్క ముక్క చెప్తే చాలు. ఖాళీ ఫారం ఇచ్చాను, ఆయనే నింపి ఇచ్చాడు. అంతే."

"ఖాళీ ఫారం ఇచ్చాను" అంది ఆమె.

"అద్దీ!"

మేనేజరు గుమ్మం దగ్గర్నుంచి అన్నాడు. "ఇది మన మెడకి చుట్టుకుందంటే ఇంకెవడూ మనకి పందెం ఇవ్వడు ఫారాలక్కా. నువ్వూ నేనూ ఇంటికి పోవడమే. నీ నోట్లోనే ఉంది. వెళ్లి ఆ ఫారం పట్రా."

పాత కాగితాల గదిలో బీరువా తెరిచి, ఆ పందెం కట్ట విప్పింది. ఆయన ఫారం దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. గుండ్రటి అక్షరాలు, పోస్టాఫీసు చేతిరాత. పేరు, వయసు, చిరునామా అన్నీ నీలం సిరాతో ఉన్నాయి. ఆరు టిక్కులు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి. నాలుగో ప్రశ్న ఎదురుగా, ఉంది అనే గడి పక్కన చిన్న నీలం చుక్క ఉంది. పెన్ను ఆనించి తీసేసిన చుక్క.

ఆ చుక్క చూడగానే ఆమెకి ఆయన ముఖం కళ్లకు కట్టింది. ముందుకు వంగి, కళ్లజోడు పైకి నెట్టుకుని, "అమ్మా, ఇక్కడ లేదని ఉందే. నాకు బీపీకి మాత్రలు నడుస్తున్నాయి. మార్చనా?" అని అడిగాడు. పెన్ను గడి మీద పెట్టాడు కూడా. వెనకాల ముప్పై మంది ఉన్నారు, ఎవరో ఈల వేస్తున్నారు. "ఈ వయసులో బీపీ ఎవరికి లేదు సార్? అది మారిస్తే డాక్టరు చీటీ తెమ్మంటారు, మళ్లీ రేపు తిరగాలి. సంతకం పెట్టేయండి" అంది తను. నవ్వుతూనే అంది. ఆయనా నవ్వాడు, సంతకం పెట్టాడు, థాంక్సమ్మా అని కూడా అన్నాడు.

బీరువా తలుపుకి నుదురు ఆనించి కాసేపు నిలబడింది. ఆ కాగితాన్ని చింపి మింగెయ్యాలనిపించింది. ఆ ఊహకే తన మీద తనకి అసహ్యం వేసింది.

మేనేజరు గదిలో గుమస్తా భార్య అప్పటికే వచ్చి కూర్చుంది. బక్కపలచటి మనిషి, చేతికి మగవాళ్ల గడియారం, అది జారిపోకుండా దారంతో బిగించుకుంది. పక్కన ఆవిడ వకీలు, బొంగురు గొంతు పెద్దాయన. ఫారం అందుకుని వెలుతురుకి పెట్టి చూశాడు.

"సంతకం నీలం. టిక్కులు ఆకుపచ్చ" అన్నాడు.

"బల్ల మీద పది రంగుల పెన్నులుంటాయండీ" అన్నాడు కంపెనీ వకీలు.

"నేనొకటి అడగొచ్చా?" అంది ఆవిడ. ఎవరూ ఊ అనకముందే ఫారాలక్క వైపు తిరిగింది. "నష్టపరిహారం సంగతి మా వకీలుగారు చూసుకుంటారు. నాకు కావాల్సింది ఒకటే. ఆయన నిజంగా లేదని పెట్టాడా? నాలుగు నెలల్నుంచి రోజూ తిడుతున్నానమ్మా నేను. స్నానం చేయిస్తూ తిడతాను, అన్నం కలిపి పెడుతూ తిడతాను. మాత్రలు వేసుకుంటూ అబద్ధం రాసి పరిగెత్తావు కదయ్యా, నా కొంప ముంచావు కదయ్యా అని. ఆయన తల అడ్డంగా ఊపుతాడు. ఇంకా బుకాయిస్తావా అని మళ్లీ తిడతాను."

కంపెనీ వకీలు గొంతు సవరించుకున్నాడు. "ఆ విషయం తర్వాత చూద్దాం. చెప్పమ్మా, ఖాళీ ఫారమే ఇచ్చావు కదా?"

"ఖాళీ ఫారం..." అంది ఆమె. మేనేజరు ముఖం చూసింది, కిటికీ చూసింది, ఆ దారం కట్టిన గడియారం చూసింది. "కాదండీ. ఆ టిక్కులు నావి."

"ఫారాలక్కా!" అన్నాడు మేనేజరు.

"నావే సార్. ఆ కట్టలో నాలుగొందల ఫారాలున్నాయి, తీసి చూడండి, అన్నీ నా చేత్తో పెట్టినవే. మార్చనా అని ఆయన అడిగాడు. నేనే వద్దన్నాను. లైను ఆగిపోతుందని వద్దన్నాను." ఆపుకుందామనుకున్న ఏడుపు ముక్కులోంచి తన్నుకొచ్చింది. కొంగుతో అదుముకుంది.

ఆవిడ రెప్ప వెయ్యకుండా చూస్తోంది. "అడిగాడా?"

"అడిగాడమ్మా. మాత్రలు వాడుతున్నానని చెప్పాడు."

"అయితే అబద్ధం ఆడలేదు."

"లేదమ్మా."

ఆవిడ చెయ్యి పైకి లేచింది. కొడుతుందనుకుంది ఫారాలక్క, కొట్టినా బాగుండుననుకుంది. ఆవిడ ఆ చేత్తో తన నోరే మూసుకుంది. చప్పున లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా, ఇది వాంగ్మూలంగా రాసుకోవాలి" అన్నాడు ఆవిడ వకీలు.

"మీరు రాసుకోండి. నేను ముందు ఇంటికి పోవాలి. ఆయనతో చెప్పాలి." సంచిలో చెయ్యి పెట్టి కవరొకటి తీసి ఫారాలక్క ముందు పెట్టింది. "పోయిన నెల పోస్టులో వచ్చింది. మీ బల్ల నుంచే వచ్చుంటుంది. మీ దగ్గరే ఉంచుకోండి."

క్షమించానని అనలేదు, తిట్టనూ లేదు. మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు పరుగులాగే వినిపించింది.

పెద్దాయన రాసిన కాగితం మీద ఫారాలక్క సంతకం పెట్టింది. పూర్తిగా చదివి పెట్టింది. కంపెనీ వకీలు ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. మేనేజరు గోడవైపు చూస్తూ, "రేపట్నుంచి రాకులే అక్కా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆమె సరేనంది. తన బల్ల దగ్గరికి వెళ్లి, సంచి భుజాన వేసుకుని, ఎవరితోనూ చెప్పకుండా మెట్లు దిగిపోయింది.

గదిలో ఒక్కొక్కరే లేచి వెళ్లారు. ఆవిడ పెట్టిన విప్పని ప్లాస్టిక్ కవరులో, నీలం రిబ్బన్ చుట్టిన పతకం బల్ల మీదే ఉండిపోయింది. పైన పరుపుల కంపెనీ పేరు పెద్దక్షరాల్లో ఉంది, కింద "పది కిలోమీటర్లు పూర్తి చేసినందుకు అభినందనలు" అని ఉంది.