నీళ్ల గిన్నె దాకా

నాలుగింటికి వ్యాను వస్తుందంటే మూడున్నరకల్లా తను పెద్దమ్మ పడుకునే దుప్పటి మడిచి పెట్టాలి, ఆ చిరుగుల దుప్పటి ఎందుకు, తమ్ముడి గోడౌనులో కావలసినన్ని గోనెసంచులున్నాయిగా అన్నాడు ఆయన పొద్దున, బస్సు డ్యూటీకి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఉంటే ఉంటాయి, తొమ్మిదేళ్లు ఈ దుప్పటి మీదే పడుకున్న కుక్కకి గోనెసంచి చూపించి ఇదే నీ పరుపంటే నమ్ముతుందా అని ఆమె అడగాలనుకుంది గాని అడగలేదు, అడిగితే మళ్లీ నిన్నటి రక్తం దగ్గరికి వస్తాడు, రక్తమంటే ఎంత, కొత్తగా వచ్చిన కుక్కపిల్ల బుడ్డోడి చెవి కొసన ఒక్క చుక్క, తన వేలికి సూది గుచ్చుకుంటే వచ్చేపాటిది, కానీ కూతురు అది చూసి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది, ఆయన బూట్లు కూడా విప్పకుండా తీర్పు చెప్పేశాడు, కుక్కపిల్లని కరిచింది రేపు మన పిల్లని కరవదని ఏమిటి, గోడౌనుకి కాపలాగా పంపేద్దాం అని, ఆమె కూడా ఊ అంది, అన్నప్పటి నుంచీ పనిలో మనసు నిలవడం లేదు, అవతల స్కూలు చొక్కాలు పదకొండు కుట్టాలి, ఏడోదాని కాలరు మీద ఉంది, మొన తిరగడం లేదు, పని నేర్చుకునే రోజుల నుంచీ ఈ కాలరు మొనతో ఆమెకు పడదు, మొన పాడుచేసినప్పుడల్లా అత్తయ్య, అంటే పని నేర్పిన మేనత్త, మంచీ చెడ్డా అనకుండా లేచి కుండ దగ్గరికి పోయి నీళ్లు తాగేది, ఆవిడ పొట్టలో చెరువుందర్రా అని నవ్వుకునేవాళ్లు పక్క మిషన్ల అమ్మాయిలు, నేర్పే ఓపిక లేని మనిషి, సరేలే, ఇప్పుడా గొడవెందుకు, పెద్దమ్మ కటింగ్ బల్ల కాలికి కట్టేసి ఉంది, ఆ పేరు కూతురు పెట్టింది, ఎవరొచ్చినా లేచి పలకరించి మళ్లీ పోయి పడుకుంటుందని, ఆ పెద్దమ్మ ఇప్పుడు గొలుసు అందినంత మేరా ముందుకు జరిగి గడ్డం ఆమె పాదం మీద ఆనించింది, పెడలు తొక్కుతుంటే పాదంతో పాటు ఆ గడ్డం కూడా లేచి పడుతోంది.

రెండు వారాల కిందట బుడ్డోడు వచ్చేదాకా ఈ ఇంట్లో గొలుసు వాడిందే లేదు, అటక మీద నుంచి తీసి తుప్పు తుడిచింది తనే, వాడికి మూడు నెలలు, పళ్లా అవి, సన్న రకం సూదులు, పెద్దమ్మ చెవి పట్టుకుని వేలాడేవాడు, మెడ కింద వదులు తోలు పట్టి లాగేవాడు, తోక మీద పడి దొర్లేవాడు, కాసేపు ఓర్చుకుని పెద్దమ్మ గుర్రుమనేది, మందపాటి బట్ట మీద మిషను ఆడినట్టు, లోపలి గొంతుతో, అంతే, ఈమె కూర్చున్న చోటు నుంచే అందుకునేది, ఏయ్, సిగ్గు లేదూ, పసివాడి మీదా నీ ప్రతాపం, స్కేలుతో బల్ల మీద ఒకటి కొట్టేది, పెద్దమ్మ చెవులు వెనక్కి వాల్చి తలొంచుకునేది, బుడ్డోడు ఇదే సందని మళ్లీ చెవికి తగులుకునేవాడు, పది రోజుల్లో పెద్దమ్మ గుర్రుమనడమే మానేసింది, చూశావా, చెబితే వింది అని ఈమె కూతురి దగ్గర గొప్పలు పోయింది, అయినా ఎందుకైనా మంచిదని నిన్న మధ్యాహ్నం గొలుసు వేసింది, కట్టేస్తే గొడవ ఉండదనుకుంది, గొడవంతా కట్టేశాకే జరిగింది, బుడ్డోడు చెవి పట్టాడు, పెద్దమ్మ ముఖం తిప్పుకుంది, వాడు రెండో చెవి పట్టాడు, అది లేచి గుమ్మం పక్కనున్న నీళ్ల గిన్నె వైపు నడవబోయింది, గొలుసు బిగిసింది, గిన్నె ఇంకా మూడడుగులు ఉంది, వెనక్కొచ్చింది, మళ్లీ వెళ్లబోయింది, మళ్లీ బిగిసింది, ఈమె వైపు చూసింది, దాహమేమో, ఈ కుట్టు అయ్యాక గిన్నె జరుపుదాంలే అనుకుంది ఈమె, కుట్టు సగంలో ఉండగానే కెవ్వుమని కేక, తిరిగి చూస్తే బుడ్డోడు బల్ల కింద ముడుచుకుపోయి ఉన్నాడు, పెద్దమ్మ గోడకి ఆనుకుని వణుకుతోంది, కరిచింది వణకడమేమిటని అప్పుడు తట్టలేదు, ఇప్పుడు తడుతోంది.

పోయే ముందైనా ఇల్లంతా ఒకసారి తిరగనీ అని గొలుసు విప్పింది, బుడ్డోడు వంటింట్లో నిద్రపోతున్నాడు, తలుపు దగ్గరగా వేసే ఉంది కదా అని ధైర్యం, కాలరు విప్పి మళ్లీ మొదలుపెట్టింది, గుండుసూదులు ఆరు పెదాల మధ్య పెట్టుకుని, రెండు చేతులతో మొన అదిమి పట్టుకుని, సరిగ్గా అప్పుడే తలుపు సందులోంచి ముందు ముక్కు, తరువాత చెవులు, తరువాత మొత్తం బుడ్డోడు, ఏయ్ అనబోయింది, నోట్లో సూదులు, లేవబోయింది, చేతిలో మొన జారితే మళ్లీ మొదటికొస్తుంది, స్కేలు చూస్తే బల్ల అవతలి చివర ఉంది, చేసేదేమీ లేక చూస్తూ ఉండిపోయింది, రెండు వారాల్లో మొదటిసారి నోరు మెదపకుండా చూసింది, వాడు పరుగున వచ్చి పెద్దమ్మ ఎదుట ముందుకాళ్లు పరిచి వెనక భాగం పైకెత్తాడు, చెవి కొసన పొక్కు ఎండి ఉంది, నిన్నటి సంగతి గుర్తున్నవాడిలా లేడు, పెద్దమ్మ ఏం చేసిందీ, పడుకుంది, అంత ఒళ్లూ నేలకు పరిచేసి వాడి ఎత్తుకు దిగింది, పంజా ఒకటి వాడి భుజం మీద వేసింది, బరువు వేయలేదు, కొలత తీసేటప్పుడు టేపు ఆనించినంత, వాడు తోసుకుని మీదికెక్కాడు, దుప్పటి కొస పట్టి లాగాడు, ఇదీ పళ్ల చివరతో కాస్త లాగి, ఇక నా వల్ల కాదన్నట్టు వదిలేసింది, ఒకప్పుడు గేటు దూకి పాలవాడి సైకిలు ఆపిన కుక్క, మూడు నెలల వాడి చేతిలో ఓడిపోయి తోక ఊపింది, ఎవరు నేర్పారే నీకిదంతా అనుకుంది, సూదుల మధ్య నవ్వొచ్చింది, ఇంతలో బుడ్డోడికి ఒళ్లు తెలియలేదు, చెవి పట్టాడు, గట్టిగా, పెద్దమ్మ ముఖం తిప్పింది, వదల్లేదు, లేచి ఒళ్లు బిగబట్టి కదలకుండా నిలబడింది, వదల్లేదు, పెదవి ఒక పక్క లేచి కోరపన్ను కనిపించింది, వదల్లేదు, అప్పుడు ఈమె వైపు ఒకసారి చూసి, అరుపు రావడం లేదని రూఢి చేసుకుని, గుర్రుమంది, బుడ్డోడు వదిలేశాడు, రెండడుగులు వెనక్కి వేసి కూర్చుని మూతి నాక్కున్నాడు, అంతే, రక్తం లేదు, ఏడుపు లేదు, మొత్తం కలిపితే కాలరుకు రెండు సూదులు గుచ్చేంతసేపు కూడా పట్టలేదు, పెద్దమ్మ ఒళ్లు దులుపుకుని గుమ్మం పక్కకి నడిచి గిన్నెలో మూతి పెట్టింది, రెండు గుటకలు తాగింది, కాదు, తాగనే లేదు, నాలుకతో నీళ్లు కదిపింది, గోడ వైపు చూస్తూ ఒళ్లు చల్లబడేదాకా అలా నిలబడి, వెనక్కొచ్చి మళ్లీ పడుకుంది, బుడ్డోడు ఈసారి చెవి జోలికి పోకుండా దాని పంజా నాకాడు.

అయితే నిన్న గిన్నె వైపు లాగింది ఇందుకన్నమాట, పోనీ, నేను కాసేపు అవతలకి పోతాను అని అడిగి, ఈమె ముఖం కూడా చూసింది, గుర్రుమనే నోరు మూయించింది తను, నడిచిపోయే దారి మూసింది తను, ఇక దానికి మిగిలినవి పళ్లు, చెవి తెగ్గొట్టగల ఆ పళ్లు కూడా ఒక్క చుక్క దగ్గర ఆగాయి, అంత కోపంలో కొలత తప్పలేదు, ఇరవై రెండేళ్లుగా కత్తెర పట్టిన తనకే లేదు ఆ కొలత, సూదులు ఒక్కొక్కటే తీసి మెత్తకి గుచ్చి ఫోను అందుకుంది, ఆయన డిపోలో ఉన్నట్టున్నాడు, వెనక ఇంజన్ల చప్పుడు, వ్యాను వద్దని చెప్పండి మీ తమ్ముడికి అంది, ఏం, మళ్లీ ఏమైంది, ఏం కాలేదు, అందుకే వద్దంటున్నా, మళ్లీ కరిస్తే పూచీ ఎవరిది, నాదే, నిన్నటిది కూడా నాదే, కుక్క కరిస్తే నీదెలా అవుతుందే, ఇంటికొచ్చాక చూపిస్తాను, మీరు మాత్రం అరవకుండా కూర్చోవాలి, నేనెప్పుడు అరిచాను అని అరిచాడు ఆయన, తరువాత గొంతు తగ్గించి, సరే, వాడికి చెబుతాలే, దాని దుప్పటి దానికి పరిచెయ్యి అన్నాడు, ఆ గొంతులో తేలికదనం విని, ఈయనకీ పొద్దుటి నుంచీ మనసొప్పలేదన్నమాట అనుకుంది, పాత కటింగ్ పలక తీసి మిషను గదికీ పడకగదికీ మధ్య గుమ్మంలో మోకాలెత్తున అడ్డం నిలబెట్టింది, పెద్దమ్మ దాటగలదు, బుడ్డోడు దాటలేడు, నీళ్ల గిన్నె పలక అవతల పెట్టింది, గొలుసు అటక మీదికి పోయింది, పెద్దమ్మ పలక దాటి, తిరిగొచ్చి, మళ్లీ దాటి చూసుకుంది.

మళ్లీ మిషను ముందు కూర్చుంటే మొన ఈసారీ తిరగలేదు, ఏడోసారో ఎనిమిదోసారో, విసిరికొడదామని చెయ్యెత్తి, కొట్టకుండా బల్ల మీద పెట్టి లేచింది, వంటింట్లోకి నడిచి గ్లాసు నింపి గోడ వైపు తిరిగి పెదాల దగ్గర పెట్టుకుంది, తాగలేదు, తాగాలని లేదు, మరి ఎందుకొచ్చినట్టు, పదహారేళ్ల వయసులో తను ఎవరిదో కోటు బట్ట అడ్డంగా కత్తిరించేసిన రోజు, అత్తయ్య ముఖం కందిపోయింది, చేతిలో స్కేలుంది, తను రెండు చేతులూ వెనక్కి దాచుకుంది, అత్తయ్య స్కేలు బల్ల మీద పెట్టి, లేచి, కుండ దగ్గరికి పోయి గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడింది, వచ్చి పాత గుడ్డముక్క ఒకటి ముందు పరిచి, ఏదీ, దీని మీద గీసి చూపించు అంది మామూలు గొంతుతో, ఆ గొంతు విని ఈ మనిషికి నేనంటే లెక్కలేదనుకుంది, ఒక్క మాట ప్రేమగా నేర్పలేదని ఇన్నేళ్లూ అందరికీ చెప్పుకుంది, అత్తయ్య ఇప్పుడు లేదు, ఉంటే వెళ్లి ఆ చేతులు పట్టుకునేది, రోజుకు ఎన్నిసార్లు లేచిందో, ఎన్ని కాలర్లకు, ఎన్ని బట్టలకు లేచిందో, ఆ కుండ దగ్గర అత్తయ్య ఒక్కసారి కూడా దాహంతో నిలబడలేదు.