తోక పంటు తాడు

సుబ్బయ్య మునిగిన చోట లాంచీ ఆగలేదు. ముందు ఆ సంగతి తెలియాలి, తక్కిన కథంతా దాని వెనకే వస్తుంది.

ఫిజీలో డ్రెకేటి నది లోపలి ఊళ్లకు అప్పట్లో రోడ్డు లేదు, నదే రోడ్డు. ధాన్యం పంటులను వరసగా తాడుతో కట్టి, లాంచీ వెనక సముద్రం దాకా లాక్కుపోయేవారు. బస్తాలు ఎక్కువైతే ముందు నీళ్లు తాగేది అన్నిటికీ చివరనున్న తోక పంటు. ఆ రోజు దాని మీద సుబ్బయ్య ఉన్నాడు.

"ఆపండ్రోయ్! మనిషి పోతున్నాడు!" దాని ముందు పంటు మీద నుంచి కిష్టయ్య అరిచాడు.

కంట్రాక్టరు బిజేంద్ర లాంచీలోంచి వెనక్కి చూశాడు. "ఆపితే మిగతా బస్తాలు తడుస్తయి. చలో!"

స్వతంత్రం వచ్చాక తెల్లదొర వెళ్తూ వెళ్తూ తన టోపీ బిజేంద్రకు అమ్మిపోయాడనీ, అది పెట్టుకున్న రోజు నుంచే అతని చెవులు మూసుకుపోయాయనీ రేవులో చెప్పుకునేవారు. టోపీ సంగతి నాకు తెలియదు. చెవుల సంగతి నిజం.

శవం దొరికిన మర్నాడే బిజేంద్ర అన్నాడు: "కిష్టా, ఇంక తోక పంటు నీదే." బస్తా ఒక్కటి తగ్గలేదు.

కిష్టయ్య భయం అందరి భయం లాంటిది కాదు. అతను వణికితే పంటు వణికేదట, పంటు వణికితే నదిలో చేపలు గట్టెక్కి కూర్చునేవట.

ఆ సాయంత్రం కూలీలంతా యంగోనా వేరు దంచి కలిపిన మత్తు నీళ్ల గిన్నె చుట్టూ చేరారు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. సుబ్బయ్య భార్య ప్రేమ్‌వతి లేచి నిలబడింది.

"బస్తాలు తగ్గించేదాకా లాంచీ కదలగూడదు. పంటులన్నీ నదికి అడ్డం కట్టేద్దాం."

"పోలీసొస్తాడు దీదీ," ఎవరో గొణిగారు.

"రానీ. నా మొగుడు పోయినప్పుడు రాలేదు. ఇప్పుడన్నా దారి తెలుస్తది."

"మా ఊరి పడవలు కూడా కడతాం," అన్నాడు అవతలి గట్టు ఫిజియన్ సకియుసా. "మా నదిలో మనిషిని వదిలేసి పోయాడు వాడు."

కిష్టయ్య ధైర్యం కోసం కొబ్బరిచిప్ప మీద చిప్ప యంగోనా తాగేస్తున్నాడు. యంగోనా ధైర్యం ఇవ్వదు, నాలుకను మొద్దుబారుస్తుంది. "తోక పంటు నీదే గదా కిష్టయ్యా, అవతలి గట్టున తాడు నువ్వే కట్టాల" అని ప్రేమ్‌వతి అంటే, "నా వల్ల కాదు వదినా" అనబోయాడు. నోరు పెగల్లేదు. ఒప్పుకున్నాడనుకుని అంతా చప్పట్లు కొట్టారు.

తెల్లారింది. పంటులు నదికి అడ్డం తిరిగాయి. కిష్టయ్య మొలలోతు నీళ్లలో దిగి, పళ్లు టకటకలాడుతుండగా మడచెట్టుకు తాడు కట్టాడు.

లాంచీ ఆగింది. సుబ్బయ్యకు ఆగని లాంచీ ఆగింది.

పోలీసు బోటు వచ్చింది. "ఎవరు కట్టమన్నారు? పేరు చెప్పు, వదిలేస్తా," అన్నాడు సార్జంటు కిష్టయ్యతో.

నాలుక ఇప్పుడు శుభ్రంగా తిరుగుతోంది. కిష్టయ్య కాళ్లూ గడ్డమూ కట్టుకున్న లుంగీ కూడా వణికాయి.

"తోక పంటు నాది సార్. తాడు నేనే కట్టినా."

బేడీలు వేసి బోటెక్కించారు. తాడు కోసేశారు. పంటు ప్రవాహానికి పక్కకు తిరగబోయింది. బిజేంద్ర టోపీ సర్దుకున్నాడు.

అప్పుడు ప్రేమ్‌వతి చీర దోపుకుని నీళ్లలోకి దిగి, తెగిన కొస అందుకుంది. ఆమె వెనక సకియుసా. అతని వెనక రేవు రేవంతా.

బోటు దూరమవుతోంది. కిష్టయ్యకు వణుకు తగ్గలేదు. వణుకుతూనే బేడీల చేతులు పైకెత్తి గొంతు చించుకున్నాడు:

"కొమ్మకు కాదు వదినా, మొదట్లో! మొదట్లో కట్టు! ఇంకో చుట్టు వెయ్యి!"