తోడికోడళ్ళు, ఒక రంపపు బల్ల

మామగారి చెక్కపని షెడ్డులో పెద్దకోడలు అడుగుపెట్టి పన్నెండేళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఆయనకు మధ్యాహ్నం క్యారేజీ ఇచ్చి వెళ్ళిపోదామని వచ్చింది. మోకాలి లోతు పేరుకున్న పొట్టు చూసి చేతులు ఊరుకోక చీపురు పట్టింది. చీపురు ఇచ్చిన చనువుతో ఉప్పుకాగితం, దాని తర్వాత చిత్రిక, చివరికి చేతిరంపం. ఇప్పుడు టేపు తియ్యకుండానే ఒక కన్ను మూసి పలక వైపు చూసి, "ఆ కొస పావంగుళం ఎక్కువుంది మామయ్యా" అనేది. కొలిస్తే ఉండేది.

మామగారు మెచ్చుకోలును ఉప్పులా వాడే మనిషి. పని బాగుంటే "ఊఁ" అనేవారు, ఇంకా బాగుంటే ఆ "ఊఁ" కొంచెం సాగేది. అంతకు మించి ఆయన నోటి నుంచి రాదని పెద్దకోడలు ఎప్పుడో సర్దుకుంది. రెండో కొడుకు పెళ్ళయ్యేదాకా ఆ సర్దుబాటు బాగానే సాగింది.

చిన్నకోడలు నాలుగేళ్ళు కిటికీ ఫ్రేముల ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన పిల్ల. అన్నదమ్ములిద్దరూ తలుపులు, కిటికీలు బిగించే పనులకు బయట తిరుగుతుంటే, ఆమె కూడా మామగారి వెంట షెడ్డుకు రావడం మొదలుపెట్టింది. రెండో నెలలో ఒకరోజు టీ తాగుతూ, "మామయ్యా, చిన్న రంపపు బల్ల ఒకటి ఉంటే ఈ పలకలన్నీ ఒక పూట పని" అంది. బల్ల నడుమ తిరిగే బ్లేడుండే కరెంటు రంపం అది. వారం తిరక్కుండా మామగారు దాన్ని కొనుక్కొచ్చేశారు.

పెద్దకోడలు కరెంటు చిత్రిక కావాలని మూడేళ్ళుగా అడుగుతోంది. "చేతులుండగా కరెంటెందుకమ్మా" అనేవారు ఆయన.

ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా అనుకుంది ఆమె. అట్టపెట్టె విప్పుతుంటే పక్కనే నిలబడింది గానీ, ఒక్క చెయ్యి కూడా వెయ్యలేదు.

చిన్నకోడలు ఆ బల్లను నిలబెట్టిన తీరు పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టే ఉంది. షెడ్డు నేల ఎగుడుదిగుడు కాబట్టి ముందు కాళ్ళు సరిచేసి, నాలుగు మూలలా నొక్కి చూసింది. బల్ల ఊగలేదు. ప్లగ్గు గోడలోంచి తీసి, అందరికీ కనపడేలా బల్ల మీదే పెట్టుకుంది. బ్లేడు నిటారుగా ఉందో లేదో మూలమట్టం ఆనించి చూసింది. బ్లేడు పన్ను ఒకదానికి సుద్దతో గుర్తు పెట్టి, దాన్ని ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి తిప్పి, బల్ల మీది గాడి నుంచి దూరం రెండుచోట్లా ఒకటేనా అని కొలిచింది.

"ఇంత చాదస్తం దేనికే?" అన్నారు మామగారు, మురిసిపోతూ.

"ఇదుగో, ఈ గైడు చూడండి మామయ్యా." చెక్కను ఆనించి తోసే పొడవాటి ఇనుప పట్టీ అది. "ఇది బ్లేడుకి ముందూ వెనకా ఒకే దూరంలో ఉండాలి. వెనక కొస గనక బ్లేడు వైపు ఒరిగిందంటే..."

సరిగ్గా అప్పుడే పెద్దకోడలు సుత్తి తీసుకుని పాత పలకల్లోంచి మేకులు పీకడం మొదలుపెట్టింది. ఠంగు ఠంగున మోత. ఆ పిల్ల పాఠాలు తన చెవిన పడక్కర్లేదు. పన్నెండేళ్ళ చెయ్యి తనది. చిన్నకోడలు గొంతు పెంచి ఇంకేదో చెప్పింది, చేత్తో తన వైపు ఏదో దూసుకొస్తున్నట్టు చూపించింది. మామగారు తల ఊపారు. పెద్దకోడలు ఇంకో మేకు అందుకుంది.

చివరికి గైడును బిగించే రెండు మరల మీద నుంచి పట్టీ మీదికి, మర కదిలితే తెలిసిపోయేలా, చిన్నకోడలు సన్నటి కుంచెతో ఎర్రరంగు గీతలు గీసింది. జుట్టు ముడేసుకుని, మెడలో గొలుసు తీసి జేబులో పెట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుంది. బ్లేడు చెక్క మందానికి ఒక్క పన్ను మాత్రమే పైకి వచ్చేలా దించి, మూత కప్పి, కాస్త ఎడంపక్కకు జరిగి నిలబడింది. స్విచ్చి నొక్కితే మోటారు గుయ్యిమంది. వేళ్ళు బ్లేడు దరిదాపులకు పోకుండా, చివర్లో తోసే కర్రతో పలకను నెట్టింది.

తెగిన అంచు మీద మామగారు బొటనవేలు రాసి చూశారు. "శభాష్!" అన్నారు.

పెద్దకోడలి చేతిలో సుత్తి ఆగిపోయింది. ఆ మాట ఈయనకు వచ్చని కూడా ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు.

తర్వాతి రోజులు ఆమెకు ముళ్ళ మీద నడిచినట్టే గడిచాయి. ఒక బడికి పుస్తకాల అరలు చేసే పని వచ్చింది. నలభై గళ్ళు, అన్నీ ఒకే కొలత. చిన్నకోడలు కోస్తుంటే మామగారు తన స్టూలు తెచ్చుకుని, ఆమె వెనకే, బ్లేడుకు ఎదురుగా వేసుకుని టీ తాగుతూ చూసేవారు. "అక్కడ వద్దు మామయ్యా, పక్కకి జరగండి" అని రోజూ ఆ పిల్ల జరిపేది. కాసేపయ్యాక ఆయన మళ్ళీ అక్కడికే చేరేవారు. ఒకరోజు ఆమె కళ్ళద్దాల మీద పడ్డ పొట్టును ఆయనే తుడిచి ఇచ్చారు. అది చూసి పెద్దకోడలికి కడుపులో ఎవరో పొయ్యి రాజేసినట్టయింది. తన కంట్లో నలుసు పడి రెండు రోజులు ఎర్రబడితే, "నీళ్ళతో కడుక్కో" అని పోయిన మనిషేనా ఈయన?

ఇంటి దగ్గర మొగుడితో చెప్పుకుంటే, "మంచిదేగా, నీకు పని తగ్గింది" అన్నాడు. పుండు మీద కారం అంటే ఇదే.

ఆరో రోజు మధ్యాహ్నం చిన్నకోడలు అన్నానికి వెళ్ళింది. మామగారు బయట సరుకు దింపించుకుంటున్నారు. బల్ల మీద ప్లగ్గు తీసి ఉంది. పెద్దకోడలు అటు వెళ్ళి ఊరికే నిలబడింది. తర్వాత పక్కనే ఉన్న పానా తీసుకుని గైడు మరలు రెండూ వదులు చేసింది. వెనక కొసను బ్లేడు వైపు వెంట్రుకవాసి జరిపి మళ్ళీ బిగించింది.

అరలు కాస్త వంకరగా రావాలి, అంతే. గళ్ళు కలవకపోతే మామగారు ముఖం చిట్లించాలి. ఆ "శభాష్"ను ఆయన వెనక్కి తీసుకోవాలి. ఆమె కోరుకున్నది అంతకు మించి ఏమీ కాదు. వెళ్ళి తన పలకకు పాలిష్ రాస్తూ కూర్చుంది.

అన్నం తిని వచ్చిన చిన్నకోడలు ప్లగ్గు పెట్టి, పలక ఎత్తుకుంది. మామగారు అలవాటుగా స్టూలు మీదకు చేరారు. బయట నుంచి ఎవరో పిలిచారు. "ఆఁ, వస్తున్నా" అంటూ లేచి వెళ్ళారు.

పలక సగం దాటిందో లేదో, మోటారు గొంతు మారింది. ఢాం అని చప్పుడయింది. బ్లేడుకూ గైడుకూ నడుమ ఇరుక్కున్న చెక్క బాణంలా వెనక్కి దూసుకొచ్చి, చిన్నకోడలి నడుం పక్కనుంచి పోయి, ఖాళీ స్టూలును తన్ని రెండు పల్టీలు కొట్టించింది. ఆ పిల్ల తొడతోనే మోటారు ఆపే ఎర్ర బొత్తాం నొక్కేసింది. బ్లేడు తిరుగుతూ తిరుగుతూ ఆగింది.

మామగారు గుమ్మంలో నిలబడిపోయారు. పడి ఉన్న స్టూలును చూశారు. దాని మీది నుంచి తాను లేచి ఎంతసేపయిందో లెక్క వేసుకుంటున్నట్టు ఆయన పెదవులు కదిలాయి. తర్వాత భయమంతా కోపమై బయటికొచ్చింది.

"పెద్ద తెలిసినదానిలా చెప్పావు కదే! ఇదేనా నీ జాగ్రత్త? ఇంకో నిమిషం కూర్చునుంటే నా పొట్టలో దిగేది!"

పెద్దకోడలు వినాలనుకున్న తిట్లే అవి. కానీ ఆమెకు చెవులు మూసుకుపోయాయి. తేలు కుట్టిన దొంగలా కుంచె పట్టుకుని అలాగే ఉండిపోయింది. చిన్నకోడలు తన వైపు దూసుకొస్తున్నట్టు చేత్తో ఆరోజు చూపించింది ఏమిటో ఇప్పుడు తెలిసింది. తానేమో మేకులు పీకుతూ కూర్చుంది.

చిన్నకోడలు ప్లగ్గు తీసింది. టేపు పట్టుకుని ముందు ఒకసారి, వెనక ఒకసారి కొలిచింది. తర్వాత మరల మీదికి వంగింది. ఎర్రగీతలు రెండూ తెగి పక్కకు తిరిగి ఉన్నాయి. మరలు వాటంతటవి వదులై మళ్ళీ బిగుసుకోవు. ఆమె బొటనవేలు ఆ గీత మీద కాసేపు ఆగింది. తలెత్తి షెడ్డులో ఉన్న మూడో మనిషిని చూసింది.

"తప్పు నాదే మామయ్యా," అంది చివరికి. "అన్నం తిని వచ్చాక మళ్ళీ కొలుచుకోవాల్సింది. కొలవలేదు."

"తప్పు నాదే అంటే సరిపోతుందా? రేపటి నుంచి దాని మీద..."

"మామయ్యా," అంది పెద్దకోడలు. కుంచె కింద పెట్టింది. "దాన్ని తిట్టకండి. ఆ మరలు నేనే వదులు చేశాను. పట్టీ జరిపింది నేనే."

మామగారు ఆమె వైపు తిరిగారు. "ఎందుకమ్మా?" అన్నారు.

ఎందుకో చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. అయినా చెప్పింది. "దాన్ని మీరు మెచ్చుకుంటుంటే చూడలేకపోయాను. పని వంకర వస్తే చాలనుకున్నాను. ఇలా తంతుందని తెలీదు మామయ్యా, నా పిల్లల మీద ఒట్టు."

ఆయన తిట్టలేదు. స్టూలును ఎత్తి నిలబెట్టి, దాని విరిగిన కాలును తడిమి చూసి, చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

వాళ్ళిద్దరే మిగిలారు. చిన్నకోడలు ముఖం కడుక్కుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"చెప్తావో లేదో చూద్దామనుకున్నానక్కా. చెప్పకపోతే రేపటి నుంచి ఈ షెడ్డుకి వచ్చేదాన్ని కాదు."

"నన్ను రావద్దంటే మానేస్తాను."

"మానేస్తే ఎవరికి లాభం?" ఆ పిల్ల గొంతులో కోపం ఇప్పుడు పొంగింది. "నా మీద ఏడువు, తిట్టు, అన్నంలో ఉప్పు కుమ్మరించు. పడతాను. కానీ నేను దాని ముందు నిలబడేది పొద్దున కొలిచింది కొలిచినట్టే ఉందని నమ్మి! నా ప్రాణం ఆ రెండు మరల మీద పెట్టి నిలబడతాను. వాటి మీద ఎలా చెయ్యేశావ్?"

పెద్దకోడలు కింద పడ్డ పలకను ఎత్తి గోడకు ఆనించింది. ఆ పిల్ల తనకంటే ఏడేళ్ళు చిన్నది.

నాలుగు రోజులు మామగారు ఆమెతో మాట్లాడలేదు. క్యారేజీ పెడితే తిన్నారు, అంతే. అయినా ఆమె రోజూ వచ్చింది. ఎందుకంటే చిన్నకోడలు షరతు పెట్టింది: బల్లను మొత్తం విప్పి, మళ్ళీ మొదటి నుంచి అక్కే నిలబెట్టాలి, ప్రతిదీ నోటితో పైకి చెప్పాలి.

"ప్లగ్గు?"

"తీసేశా. బల్ల మీదే ఉంది."

"వెనక రేకు?" బ్లేడు వెనక నిలువుగా ఉండే సన్నటి ఇనుప రేకు అది. తెగిన చెక్క మళ్ళీ మూసుకుని బ్లేడును పట్టెయ్యకుండా ఆపుతుంది.

"ఉంది. బ్లేడుతో ఒకే గీతలో ఉంది."

"గైడు?"

పెద్దకోడలు ఒక కన్ను మూసి చూసి, "వెనక కొంచెం లోపలికుంది" అంది. టేపు పెట్టి చూస్తే అర మిల్లీమీటరు. చిన్నకోడలు నోరెళ్ళబెట్టింది. "నాకు టేపు పెడితే గానీ తెలీదు. నీకు కంటితోనే ఎలా కనపడిందక్కా?"

ఇంత సంబరపెట్టిన మాట ఆ మధ్య ఏదీ ఆమె వినలేదు. కానీ సంబరపడుతున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. "కన్నును నమ్మి కొయ్యను. టేపుతోనే కొలుస్తాను" అంది గట్టిగా.

"అదీ మాట. ఇంకోటి. కడుపు మండిన రోజు నాతో చెప్పు."

"ఇప్పుడూ మండుతోంది. నీకు అన్నీ తెలుసని."

"అయితే ప్లగ్గు తీసి మండు," అంది చిన్నకోడలు. ఆరోజు తర్వాత ఇద్దరూ మొదటిసారి నవ్వారు.

అయిదో రోజు పెద్దకోడలు మొదటి పలక కోసింది. పక్కకు జరిగి నిలబడటం కాళ్ళకు కొత్తగా ఉండి, రెండుసార్లు తెలియకుండానే నడిమికి వచ్చేసింది. రెండుసార్లూ చిన్నకోడలు మోటారు ఆపింది. మూడోసారి పలక నేరుగా తెగింది. మామగారు చూశారో లేదో, అవతలి మూల పని చేసుకుంటూనే ఉన్నారు. కాసేపటికి మాత్రం, "ఆ నాలుగో వరస గళ్ళకి పలకలెన్ని కావాలమ్మా?" అని అడిగారు. అడిగింది పెద్దకోడలినే. ఆమె లెక్క చెప్పింది.

అరలు పూర్తయ్యి బడికి వెళ్ళే రోజు, అక్కడి టీచరమ్మ వచ్చి ప్రతి గడిలో చెయ్యి పెట్టి చూసింది. "ఎంత సాపుగా ఉన్నాయో! ఎవరు కోశారు?"

"మా చిన్నకోడలు," అన్నారు మామగారు. ఒక క్షణం ఆగి, "పెద్దది కూడా," అన్నారు.

ఆ "కూడా" పెద్దకోడలి గుండెలో చిన్న ముల్లులా దిగింది. దిగిందని ఆమెకు తెలిసింది. అసూయ పోతుందని ఆమె అనుకోలేదు. పోలేదు. చేతులు తుడుచుకుని అర ఒక కొస పట్టుకుంది. "నువ్వు అటు పట్టు, బరువు నా వైపే ఎక్కువుంది," అంది తోడికోడలితో. ఇద్దరూ కలిసి దాన్ని మెల్లగా బండిలోకి ఎక్కించారు.