ఇల్పో పాదాలకు చలి తెలియదు

మూడో నియమం రాసింది నేనే. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. లేకపోతే ఈ కథలో ఎవరి మీదా కోప్పడే హక్కు నాకుండదు.

మా ఆన్‌లైన్ బృందంలో ఆరోగ్యం గురించి రాసేవాళ్ళు మూడు వందల మంది ఉన్నారు. ఆ రాతలన్నీ చదివి, దిద్ది, డీలా పడినవాళ్ళకు ధైర్యం చెప్పి, ఆదివారం పొద్దున పదింటికి అయిదు వ్యాసాలు ఎంచి మొదటి పేజీలో పెట్టడం నా పని, నాతోపాటు బృందాన్ని నడిపే ఆంటెరో పని. జీతం లేదు, తిట్లు మాత్రం దండిగా ఉన్నాయి. కిందటేడు ఒక మహానుభావుడు థైరాయిడ్ మాత్రలు మానెయ్యమని రాశాడు. నమ్మి మానేసిన ఒకావిడ దుకాణంలో కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు కోపంలో రాశాను ఆ నియమం: ఎవరి ఒంటి సంగతి, ఎవరి ఇంటి సంగతి వాళ్ళే రాయాలి. సొంత అనుభవం లేకుండా ఎదుటివాళ్ళకు సలహా చెప్పకూడదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఇల్పో వ్యాసాన్ని అన్నిటికంటే పైన పెట్టాను. లారీ నడిపి రిటైరైన మనిషి. మా చలిదేశంలో కొందరికి అలవాటున్నట్టే రోజూ గడ్డకట్టిన సరస్సులో కన్నం కోసి అందులో దిగుతాడు, దిగినట్టే దూకుడుగా రాస్తాడు కూడా. "నాకు పన్నెండేళ్ళుగా షుగర్. ఇప్పుడు దాన్ని పట్టించుకోవడమే మానేశా. నా పాదాలకు చలి తెలియదు. మంచు మీద వట్టి కాళ్ళతో నడిచినా చీమ కుట్టినట్టయినా ఉండదు. గెలిచాను!" నాలుగు వందల మంది చప్పట్లు కొట్టారు. పాదాలకు చలి తెలియదన్న వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో పెట్టిందీ నేనే.

సోమవారం టెల్లెర్వో గారి దగ్గర నుంచి మెయిల్. ఆవిడకు డెబ్బై రెండేళ్ళు. నలభై ఏళ్ళు పల్లెల్లో ఇంటింటికీ తిరిగిన నర్సు. "అమ్మాయ్, ఆయన గెలవలేదు. షుగర్‌కి పాదాల్లో స్పర్శ పోయింది. దెబ్బ తగిలినా తెలీదు. ఇలాగే వదిలేస్తే కాలు పోతుంది. ఎవరైనా చెప్పండి." కింద ఒక వ్యాసం, పాదాలు రోజూ ఎలా చూసుకోవాలో. అద్దం, దీపం, వేళ్ళ సందులు, బూటు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడమడం. ఒక్క మాట ఎక్కువ లేదు. సొంత సంగతి ఒక్కటీ లేదు.

ఆవిడ చెప్పింది నేనే ఇల్పోకి విడిగా రాశాను. అయిదు నిమిషాల్లో జవాబు వచ్చింది. "అబ్బో, డాక్టరమ్మా! మూడో నియమం చదివావా? ఎవరు రాశారో గానీ బంగారం లాంటి నియమం." ఒళ్ళు మండిపోయింది. మండి ఏం లాభం?

ఆవిడ వ్యాసం పెడదామా అని ఆంటెరోని అడిగితే అతనూ అదే పాట. "ఇవాళ నర్సుకి సందిస్తే రేపు మూలికలవాడొస్తాడు సిర్కూ. వాణ్ణి ఏమని ఆపుతావ్?" అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. నా ఏడుపంతా అదే.

ఇల్పో ఎవరి మాటా వినడు గానీ, ఆదివారం పదింటికల్లా మొదటి పేజీ తెరిచి తన పైన ఎవరున్నారో చూస్తాడు. తప్పులు వెతకడానికైనా పైవాళ్ళది ఆసాంతం చదువుతాడు. కాబట్టి టెల్లెర్వో గారి వ్యాసం అక్కడికెక్కాలి. ఎక్కాలంటే సొంత అనుభవం ఉండాలి. ఫోన్ చేశాను.

"మీ సంగతి ఏదైనా ఒక్క పేరా కలపండి, చాలు."

"నాకేం రోగం? గుర్రంలా ఉన్నా."

"చిన్నదైనా ఫర్వాలేదండీ."

"నా గురించి నేనే చెప్పుకోడమేంటి, సిగ్గు లేకుండా? పాదాల గురించి అడుగు, చెప్తా."

"అలా రాస్తే ఎవరూ చదవరండీ!"

"చదవకపోతే వాళ్ళ ఖర్మ."

"ఇల్పో కాళ్ళు పోయినా ఆయన ఖర్మేనా?"

"పొయ్యి మీద కాఫీ ఉంది," అని ఫోన్ పెట్టేసింది.

రెండు ఆదివారాలు గడిచాయి. ఇల్పో వట్టి కాళ్ళతో పోస్టు డబ్బా దాకా నడిచిన ఫోటో పెట్టాడు. జనం మళ్ళీ చప్పట్లు. ఆ పాదాలను చూడలేక పేజీ మూసేశాను.

ఆ తర్వాతి శుక్రవారం టెల్లెర్వో గారి వ్యాసం మళ్ళీ వచ్చింది. అదే అద్దం, అదే దీపం. పైన మాత్రం కొత్తగా ఒక పేరా.

"నా భర్త ఓస్మోకి షుగర్ ఉండేది. ఒక మే నెల సాయంత్రం బూటు విప్పితే అరికాల్లో మేకు దిగి ఉంది. నొప్పి లేదని నవ్వాడు. అది దిగి ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ తెలియదు. ముందు కాలు పోయింది, తర్వాత ఆయన పోయాడు. ఆ వారం నేను ముప్పై ఒక్క మంది పాదాలు చూశాను. మా ఇంట్లో ఉన్న రెండూ చూడలేదు."

ఆ ముసలావిడ చేత ఇది కక్కించింది నేను. సిగ్గుపడుతూనే అన్నిటికంటే పైన పెట్టాను.

ఆదివారం పదీ ఏడుకి ఇల్పో సందేశం. "ఏంటిది? ముసలమ్మ మేకు కథ నా పైనా?" పదకొండున్నరకి ఒక ఫోటో వచ్చింది. అద్దంలో అరికాలు, చిటికెన వేలి కింద నల్లటి పుండు. "ఇది ఎప్పటిదో నాకు తెలీదు," అని రాశాడు. టెల్లెర్వో గారికి పంపాను. "ఇవాళే వెళ్ళమను. రేపు కాదు," అంది.

ఆస్పత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. పాదం దక్కింది. మొదటి సోమవారమే ఆ వ్యాసం పెట్టి ఉంటే ఆ వేళ్ళు కూడా దక్కేవేమో.

"చూశావా? నీ నియమం పనిచేసింది!" అన్నాడు ఆంటెరో. ఫోన్ అతని మొహాన విసరాలనిపించింది. టెల్లెర్వో గారికేమో తొమ్మిది వందల చప్పట్లు. ఏడిపించేశారు, ఇంకా రాయండి అని ఒకటే గోల.

నేనూ అదే అడగడానికి ఫోన్ చేశాను. ముసలివాళ్ళు మాత్రలు తారుమారు చేసుకోవడం గురించి రాయమన్నాను.

"ఎందుకు రాయను? నలభై ఏళ్ళ సరుకుంది నా దగ్గర," అంది. అంతలోనే, "కానీ మీకు ప్రతిసారీ మా ఇంట్లోంచి ఒకరు కావాలి కదమ్మాయ్. నాకున్నది ఒక్క ఓస్మోయే," అంది.