ఏడుంబావు మీద ఒక ఫిర్యాదు

ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను రాసిన ఫిర్యాదులన్నీ పేరిస్తే మా స్టేషను కప్పు తాకుతాయి. దొంగతనాలు, కొట్లాటలు, పక్కింటి కుక్క అరుపులు, ఏవీ వదల్లేదు. చనిపోయిన మనిషి మీద మాత్రం ఒక్కటే రాశాను. ఇచ్చింది తొమ్మిదేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న మీద.

నేను స్టేషన్ రైటర్ని. వచ్చినవాళ్ళు చెప్పింది రాసుకుని, కాగితాలకు నంబర్లు వేసి, దారం కట్టి బీరువాలో పెట్టడం నా పని. నాకు ముక్కు మీదే కోపమని మా వాళ్ళంటారు. కాగితం కాగితంలా లేకపోతే ఎవరికైనా రాదా మరి.

ఆ పిల్ల నాన్న మా ట్రాఫిక్ కానిస్టేబుల్. ఏడింటి డ్యూటీకి ఏడుంబావుకి వచ్చేవాడు కాబట్టి స్టేషనంతా అతన్ని ఏడుంబావు అనే పిలిచేది. ఆరేళ్ళ కిందట, పెద్దవానకి రైలు వంతెన కింది దారి నిండిపోయి ఒక వ్యాను మునిగితే, అందులోంచి ఇద్దరిని బయటికి లాగాడు. ఇంకెవరైనా ఉన్నారేమో చూసొస్తానని మూడోసారి దిగాడు. లోపల ఎవరూ లేరు. అతను తిరిగి రాలేదు. ఈ మాట ఒక్కసారే చెప్పి ఊరుకుంటున్నాను.

ఈ ఏడు మా స్టేషను వెనక కొత్తగా కట్టిన శిక్షణ హాలుకి అతని పేరు పెడుతున్నారు. శుక్రవారం పదింటికి ప్రారంభం. గోడ మీద అతని ఫొటో, దాని మీద గుడ్డ. ఆ గుడ్డ కూతురు లాగాలి. సోమవారం అతని భార్య నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"అన్నయ్యా, ఇది రానంటోంది. తిట్టాను, బతిమాలాను. ససేమిరా అంటోంది."

పిల్ల తల్లి వెనక నిలబడి నా స్టాంపు ప్యాడు వైపు చూస్తోంది. ఎందుకు రావమ్మా అన్నా చూపు ప్యాడు మీంచి తిప్పలేదు. పిల్లలతో మాట్లాడటం నాకు చేతకాదు. చేతనైన పద్ధతి ఒక్కటే ఉంది. కళ్ళజోడు సర్దుకుని, కొత్త కాగితం తీసి, అందరినీ అడిగే గొంతుతోనే అడిగాను.

"ఫిర్యాదు ఏమైనా ఉందా?"

పిల్ల ముందుకొచ్చి కుర్చీలో కూర్చుంది. "ఉంది."

"ఎవరి మీద?"

"నాన్న మీద. నాన్నకి నేనంటే కోపం. ఇంట్లో ఫొటోలో నేనెటు నిలబడినా నన్నే కోపంగా చూస్తాడు. నేనేం చేశానో ఎవరూ చెప్పరు."

తల్లి గోడ వైపు తిరిగింది. నేను తల వంచుకుని అక్షరం పొల్లుపోకుండా రాశాను, నంబరు వేశాను, రసీదు చింపి ఇచ్చాను. పిల్ల రసీదు రెండు వైపులా చూసి, "విచారణ ఎప్పటికవుతుంది?" అంది.

"శుక్రవారం తొమ్మిదింటికి."

"అప్పుడు వస్తాను. గుడ్డ సంగతి మాత్రం చెప్పలేను."

వాళ్ళు వెళ్ళాక నేను చాలాసేపు ఆ కాగితం ముందు కూర్చున్నాను. ఎందుకంటే ఆ ఫొటో తీసింది నేనే. కొత్త గుర్తింపు కార్డుల కోసం అందరికీ నేనే తీశాను. నోరు మూసి ఉండాలి, పళ్ళు కనపడకూడదు, అది నిబంధన. ఏడుంబావు కుర్చీలో కూర్చుని నా మొహం చూడటం, నవ్వడం. పదిసార్లు తీశాను, పదిసార్లూ పళ్ళే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వరసలో ఇరవై మంది వింటుండగా, "జీతం తీసుకునేది పళ్ళు చూపించడానికా? పెళ్ళాం పిల్లలున్నవాడివి, సిగ్గు లేదా?" అని అరిచాను. అతని మొహం ముడుచుకుపోయింది. పదకొండోది ఠక్కున నొక్కి, "అదీ, అలా ఉండాలి" అన్నాను. మిగతా పదీ చెరిపేశాను. అరగంటలో అతను ఏమీ జరగనట్టు కాఫీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, నవ్వుతూనే. నేను క్షమించమని అడగలేదు.

ఇంట్లో వేరే ఫొటోలుంటాయి కదా అంటారు. ఫోను అతని జేబులోనే నీళ్ళపాలైంది. పైగా ఎప్పుడూ తీసేవాడు అతనే, కాబట్టి అతను తీసినవాటిలో అందరూ ఉన్నారు, అతను తప్ప. పెళ్ళి ఫొటోలో కళ్ళు మూసుకున్నాడు. చివరికి నా పదకొండోదే పెద్దది చేయించి ఇంట్లో ఒకటి, స్టేషన్లో ఒకటి పెట్టారు. ఆ పిల్ల ఆరేళ్ళుగా నా తిట్లకు వచ్చిన కోపాన్ని తన మీద కోపమనుకుంటోంది. సోమవారమే ఆ మాట చెప్పెయ్యాల్సింది. నోరు పెగల్లేదు. విచారణంటూ నాలుగు రోజులు గడువు తెచ్చుకున్నాను, అంతే.

అయినా మొదలుపెట్టాక దొంగ విచారణ చెయ్యడం నాకు రాదు. మంగళవారం కూడలికి వెళ్ళి కాఫీ బండి ఆవిడ దగ్గర వాంగ్మూలం తీసుకున్నాను. ఆవిడ కాఫీ పోస్తూనే చెప్పింది.

"గుడ్లమ్మే ముసలావిడ అట్ట నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటుతోంది. ఈయన నాలుగు వైపులా బళ్ళు ఆపేసి, ఆవిడ ముందు సెల్యూట్ కొట్టుకుంటూ నడుస్తున్నాడు. ఇంతలో ఒక పెద్ద కారాయన ఒకటే హారన్. ఈయన వెళ్ళి అద్దంలోకి వంగి ఏమన్నాడో తెలుసా? 'సార్, మీరు హారన్ కొడితే ఆవిడ ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడితే ముప్పై గుడ్లు. రోడ్డు తుడవడానికి దిగుతారా మరి?' అన్నాడు. ఆ కారాయనకే నవ్వాగలేదు. రాసుకున్నారా? ముప్పై అని రాయండి, ఇరవై కాదు."

రాసుకున్నాను. సాక్షులు నాకు రాయడం నేర్పుతుంటే మామూలుగా ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మండలేదు.

బుధవారం ఏడుంబావు మెమోల కట్ట కావాలని ఇన్‌స్పెక్టర్ గారి గదికి వెళ్ళాను. ఆలస్యంగా వచ్చినవాడికి మెమో ఇస్తారు, వాడు ఎందుకు ఆలస్యమైందో సంజాయిషీ రాసివ్వాలి. ఏడుంబావుకి పద్నాలుగు వచ్చాయి. మెమోలు టైపు చెయ్యడం నా పని, సంజాయిషీలు చదవడం ఇన్‌స్పెక్టర్ గారి పని. చదవాలన్న బుద్ధి నాకెప్పుడూ పుట్టలేదు.

"పోయినవాడి మెమోలు ఇప్పుడెందుకయ్యా? హాలు ప్రారంభం ముందు వాడి పరువు తీస్తావా?" అన్నారాయన.

పిల్ల ఫిర్యాదు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, లేచి తలుపు మూశారు. కట్ట బీరువాలో లేదు, ఆయన సొరుగులోనే ఉంది.

"మొదటి రెండు మెమోలు కోపంతోనే ఇచ్చాను. తరవాతవి ఎందుకిచ్చానంటే..." ఆయన ఇబ్బందిగా తల గోక్కున్నారు. "సంజాయిషీ చదువుకోవచ్చని ఇచ్చాను. బయట అనకు."

అక్కడే నిలబడి పద్నాలుగూ చదివాను. తరవాత తారీఖులు చూశాను. అన్నిటికన్నా పాతది ఆ పిల్ల పుట్టిన మర్నాటిది. హాజరు పట్టీ తీసి వెనక్కి తిప్పితే, అంతకుముందు ఆ మనిషి ఏడింటికి పది నిమిషాలుందనగానే వచ్చేవాడు. రోజూ సంతకాలు చేయించుకున్నది నేనే. నాకిన్నాళ్ళూ కనపడలేదు. గుడ్డివాణ్ణి అని నన్ను నేను తిట్టుకున్నాను, కానీ మనసు మాత్రం ఎగిరి గంతేసింది.

శుక్రవారం తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా పిల్ల వచ్చింది, రెండు జడలతో, చేతిలో రసీదుతో. తల్లి బయట బెంచీ మీద కూర్చుంది. పక్కనే కాఫీ బండి ఆవిడ, గురువారం నేను వెతికి పిలిపించిన వ్యాను డ్రైవరు, ఆ రోజు నీళ్ళలోంచి బయటపడ్డ ఇద్దరిలో ఒకడు. నేను ఫైలు పిల్ల ముందు పెట్టాను.

గుడ్ల వాంగ్మూలం చదివి పిల్ల పెదవి కొరుక్కుంది. "ఇది ముసలావిడ గురించి. నా గురించి కాదు" అంది. వదిలే రకం కాదు. డ్రైవర్ని పిలిచాను. అంత లావు మనిషీ ఆ పిల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పాపా, నీళ్ళు గొంతు దాకా వచ్చాయి. భయంతో నేను స్టీరింగు పట్టుకున్నాను. మీ నాన్న లాగుతున్నాడు, నేను వదలడం లేదు. అప్పుడాయన నా మొహంలోకి చూసి, డ్యూటీలో అడిగినట్టే, 'లైసెన్స్ ఉందా?' అన్నాడు. అలవాటు కదా, చెయ్యి తీసి జేబులో పెట్టాను. అంతే, ఒక్క లాగుడు. ఒడ్డు మీద పడ్డాక, 'ఎండాక చూపించు' అన్నాడు. నేనక్కడే పడుకుని నవ్వాను పాపా. ఏడుస్తూ నవ్వాను."

"ఎండాక చూపించారా?" అంది పిల్ల.

"ఇవాళ తెచ్చాను" అని అతను జేబులోంచి తీసిచ్చాడు. పిల్ల దాన్ని ముందూ వెనకా చూసి, సరిగ్గానే ఉందన్నట్టు తలూపి ఇచ్చేసింది. డ్రైవరు బయటికి వెళ్ళి బెంచీ మీద కూలబడ్డాడు.

తరవాత సంజాయిషీలు. వాళ్ళ నాన్న చేతిరాత ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. వేలు పెట్టి గట్టిగా చదివింది.

"అయ్యా, ఇవాళ నా కూతురికి మొదటి పన్ను వచ్చినట్టు అనుమానం. నిర్ధారణకు అది నోరు తెరవాలి. ఏడిస్తేగాని తెరవదు. ఇవాళ ఎంతకీ ఏడవలేదు. చివరికి నేను పాట పాడగా ఏడ్చింది. పన్ను ఉంది. పదిహేను నిమిషాలు పట్టింది."

ఇంకొకటి: "అయ్యా, నా కూతురు నా ఎడమ బూటులో కూర్చుంది. దిగనంది. బలప్రయోగం చేయలేదు."

మరొకటి: "అయ్యా, నా కూతురు ఇవాళ నన్ను చూసి 'నాన్న' అంది. మళ్ళీ అంటుందేమోనని ఆగాను. అనలేదు. రేపు కూడా ఆలస్యం కావచ్చు."

"ఈ కూతురు నేనేనా?"

"ఫైల్లో వేరే కూతురు లేదమ్మా. పద్నాలుగు మెమోలూ నీవల్ల వచ్చినవే."

పిల్ల చెవుల దాకా నవ్వబోయింది. సగంలో ఆగిపోయింది. నేను భయపడుతున్న ప్రశ్న రానే వచ్చింది.

"మరి ఫొటోలో ఆ కోపం ఎవరి మీద?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ గారు గడియారం చూసుకుంటున్నారు. బయట కుర్చీలు నిండిపోయిన సందడి వినిపిస్తోంది. ఎండకి కళ్ళు చిట్లించాడనో, తలనొప్పనో చెప్పెయ్యొచ్చు. పిల్ల నమ్ముతుంది కూడా. కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళందరినీ ముప్పై ఏళ్ళుగా నేను నిజం చెప్పమని గద్దిస్తూ వచ్చాను.

"నా మీద" అన్నాను. "ఫొటో తీసింది నేను. మీ నాన్న నవ్వుతున్నాడు. నవ్వద్దని అందరి ముందూ అరిచాను, నోటికొచ్చినట్టు తిట్టాను. నవ్విన ఫొటోలన్నీ చెరిపేశాను. ఈ ఒక్కటే ఉంచాను. తప్పు చేశానమ్మా. మీ నాన్నకి చెప్పలేదు, మీ అమ్మకి చెప్పలేదు, నీకూ ఇప్పటిదాకా చెప్పలేదు."

 ఫైల్లో నా రాత నేనే చదవలేనంతగా నా కళ్ళు మసకేశాయి. పిల్ల మాత్రం ఫైలు మొదటి కాగితం తిప్పి, నా పెన్ను తీసుకుంది. నిందితుడు అన్నచోట నేను రాసిన 'నాన్న' కొట్టేసి, గుండ్రటి అక్షరాలతో 'రైటరు మావయ్య' అని రాసింది.

"ఇక్కడ సంతకం పెట్టండి."

ఆ గడిలో నేను వందలమంది చేత పెట్టించాను. నేను పెట్టడం అదే మొదలు. పెట్టాను. గుండెల మీంచి బండ దించినట్టయింది. ఇన్‌స్పెక్టర్ గారు దగ్గి, "విచారణ అయితే కదులుదామా?" అన్నారు. పిల్ల నా వేలు పట్టుకుని లేచింది.

హాల్లో పిల్ల ఒక్కతే గోడ దాకా నడిచి గుడ్డ లాగింది. ఫొటో బయటపడింది. అదే మొహం, ముడిపడ్డ కనుబొమలు. నా పక్క కుర్చీలో తల్లి ముందుకు వంగింది. పిల్ల వెనకడుగు వెయ్యలేదు. నాన్నని తేరిపార చూసింది. తరవాత వెనక్కి తిరిగి, ముందు వరసలో నన్ను వెతికి పట్టుకుని, నాన్న పక్కనే నిలబడి అచ్చం అతనిలాగే కనుబొమలు ముడిచి నా వైపు గుడ్లురిమి చూసింది. ఇద్దరూ కలిసి నన్ను చూస్తున్నారు.  ఆ మొహం ఎంతోసేపు నిలవలేదు. ముందు పెదవులు వణికాయి, తరవాత నవ్వు ఫక్కున బయటపడి, ఒంగిపోయి, పొట్ట పట్టుకుని నవ్వింది.

తల్లి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అన్నయ్యా, అది ఆయన నవ్వు. అచ్చం అదే."

అదే. పళ్ళన్నీ కనపడుతున్నాయి. ఆ పిల్ల నవ్వాపేదాకా నేను చప్పట్లు కొడుతూనే ఉన్నాను.