మూగ యోధుడు

ఆ ఫాంటసీ గేములో యోధుడు మూగవాడు. జగ్గయ్యపేటలో, వాళ్ల కొట్టు పైగదిలో, వాడికి గొంతు అరువిచ్చింది యామిని వాళ్లన్నయ్య జయంత్. వాణ్ణి కోట దాటించినప్పుడల్లా, "వెళ్లొస్తానండీ!" అనేవాడు.

పోయిన ఏడాది నందిగామ బయల్దేరుతూ గుమ్మంలోంచి అదే మాట అన్నాడు. ఆటలో మునిగిన యామిని "వెళ్లిరా" అనలేదు. జయంత్ తిరిగి రాలేదు. హైవే మీద లారీ కొట్టేసింది.

ఇప్పుడా గేము యానిమే కార్టూన్ సీరియల్‌గా వచ్చింది. మధ్యాహ్నం యామిని ఆశగా టీవీలో పెట్టుకుంది. యోధుడు నోరు మూయడే! ఎవడిదో తీయటి గొంతు, ఎపిసోడంతా నీతులు.

"ఏడ్చినట్టుంది," అని విసుగ్గా మ్యూట్ చేసింది. తెరమీద యోధుడు కోట గుమ్మం దాటాడు.

"వెళ్లొస్తానే, యామినీ," వెనక నుంచి వినిపించింది.

ఆమె తల తిప్పలేదు. "వెళ్లొద్దన్నయ్యా... కూర్చో."

పక్క కుర్చీ కిర్రుమంది.